వలేరియో బెల్లి స్ఫటిక పేటిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, పిట్టి ప్యాలెస్‌లో, ఆ నగరాన్ని ఏలిన మెడిచి వంశీయులు తరతరాలుగా కూడబెట్టిన అపురూప వస్తువుల నడుమ ఒక పేటిక ఉంది. బంగారు పూత పూసిన వెండి చట్రంలో స్ఫటికపు పలకలు పొదిగి, ఆ పలకల మీద క్రీస్తు జీవిత ఘట్టాలను చెక్కి దీన్ని తయారు చేశారు. పునరుజ్జీవన కాలపు లోహపు పనిని, రత్నశిల్పాన్ని కలిపి చూడాలనుకునే వారికి నేను మొట్టమొదట చూపించాలనుకునే వస్తువు ఇదే. దీని ఫొటోలు చూసినవారికి తరచుగా కలిగే సందేహాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఈ పేటికను ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం చేశారు?

ఉత్తర ఇటలీలోని విచెంజా పట్టణానికి చెందిన వలేరియో బెల్లి చేశాడు. ఏడవ క్లెమెంట్ పోపు దీన్ని చేయించుకున్నారు. బెల్లి తన పేరును, 1532 అనే సంవత్సరాన్ని పేటిక మీదనే చెక్కాడు కాబట్టి కర్త విషయంలోనూ, కాలం విషయంలోనూ వాదానికి తావు లేదు. ఆ కాలంలో చిన్న వస్తువుల మీద పనిచేసిన ఎందరో కంసాలుల పేర్లు మనకు దక్కలేదు. అలాంటిది ఒక పేటిక మీద శిల్పి తన పేరుతో పాటు ఊరి పేరు కూడా చెప్పుకున్నాడంటే, తన పని విలువ ఏమిటో ఆయనకు బాగా తెలుసునన్నమాట.

పలకల మీద ఏ ఘట్టాలు ఉన్నాయి?

క్రీస్తు శైశవం నుంచి శ్రమల వరకు, అంటే సిలువ మరణం నాటి బాధల వరకు ఉన్న ఘట్టాలు వరుసగా కనిపిస్తాయి. తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి బాలయేసుకు మొక్కడం, శిశువును దేవాలయంలో సమర్పించడం, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని జనం క్రీస్తు ముందుకు తేవడం, శిష్యుడైన యూదా ముద్దు పెట్టి గురువును పట్టివ్వడం, క్రీస్తు సిలువ మోయడం వీటిలో కొన్ని. పదహారో శతాబ్దంలో కళాకారుల జీవిత చరిత్రలు రాసిన జార్జో వసారి ఈ పలకల మీద క్రీస్తు శ్రమల చరిత్ర అంతా ఉందని చెప్పాడు. ఆ మాటనే నమ్ముకుని చూసేవారు జ్ఞానుల ఆరాధన దగ్గరికి వచ్చేసరికి తికమకపడతారు. శ్రమల చరిత్ర ఉన్న మాట నిజమే కానీ, దానితో పాటు శైశవం, బహిరంగ పరిచర్య కూడా ఉన్నాయి.

వీటిలో నేను ఎక్కువసేపు ఆగిపోయేది పట్టుబడిన స్త్రీ ఘట్టం దగ్గర. సువార్త కథలో క్రీస్తు కిందికి వంగి నేల మీద వేలితో ఏదో రాస్తాడు, నేరం మోపినవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు. స్తంభాలతో కూడిన ఆవరణ, గుమిగూడిన మనుషులు, వాళ్ల నడుమ ఒంటరి స్త్రీ, ఇదంతా అరచేతిలో ఇమిడే పలకలో పట్టించాలంటే ఎవరిని ముందుకు తేవాలో, ఎవరిని వెనక్కి నెట్టాలో శిల్పికి ముందే తెలిసి ఉండాలి. స్ఫటికం మీద ఒకసారి పడిన గీతను ఇక చెరపడానికి వీలుండదు.

స్ఫటికం మీద బొమ్మలు ఎలా చెక్కారు? ఉలితోనా?

ఉలితో కాదు. స్ఫటికం గాజుకంటే గట్టిది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానం మీద దాని కాఠిన్యం 7, మామూలు గాజుది 5.5 దగ్గర. ఉక్కు మొన దాని మీద జారిపోతుంది, గట్టిగా కొడితే రాయి పగులుతుంది. అందుకని చెక్కడం అనే మాట ఇక్కడ వాడుక కోసమే వాడుతున్నాం. నిజానికి జరిగేది సాన పట్టడమే.

శిల్పి ముందు తిరిగే చిన్న కుదురు ఒకటి ఉంటుంది. దాని కొసకు రాగితోనో ఇనుముతోనో చేసిన చిన్న చిన్న చక్రాలను, గుండ్రని మొనలను బిగిస్తారు. కొన్ని చక్రాలు మిరియపు గింజకంటే చిన్నవిగా ఉంటాయి. మెత్తని ఆ లోహం దానంతట అది రాయిని కోయలేదు. దానికి నూనెలో కలిపిన ఎమరీ అనే గట్టి రాతి పొడినో వజ్రపు పొడినో అద్దుతారు, ఆ రేణువులు లోహంలో కూరుకుని రాయిని అరగదీస్తాయి. మరొక విషయం కూడా గమనించాలి. ఈ పనిలో పనిముట్టు ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. శిల్పి రెండు చేతులతో పలకను పట్టుకుని, ఆ చక్రం కింద దాన్ని జరుపుతూ బొమ్మ గీస్తాడు. అంటే ఇది కలాన్ని కదలకుండా ఉంచి కాగితాన్ని జరుపుతూ రాయడం లాంటిది. పైగా నూనె, పొడి కలిసిన బురద బొమ్మను కప్పేస్తుంది కాబట్టి, తుడిచి చూసుకుంటే తప్ప ఎంతవరకు వచ్చిందో తెలియదు.

ఎమరీకి గట్టిదనం ఇచ్చే ఖనిజానికి ఇంగ్లీషులో ఉన్న కొరండం అనే పేరు మన కురువిందం, తమిళ కురుందం అనే మాటల కుటుంబం నుంచే వెళ్లింది. ఇక ఆ కాలంలో ఐరోపాకు చేరే వజ్రాలు దాదాపు అన్నీ భారతదేశం నుంచే వెళ్లేవి.

బొమ్మలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి కదా, మరి లోపలికి చెక్కారని ఎందుకు అంటారు?

ఈ పేటిక గురించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. బొమ్మ మనవైపు లేదు, పలక వెనక ఉంది. శిల్పి పలక వెనకవైపున బొమ్మను గుంటగా తొలిచాడు. మనం నునుపైన ముందువైపు నుంచి, రాయి గుండా ఆ గుంటను చూస్తున్నాం. వెనక అతికించిన వెండి రేకు మీద వెలుగు పడి తిరిగి వచ్చేటప్పుడు ఆ లోతును కన్ను ఎత్తుగా పొరబడుతుంది. అందువల్ల మోకాలు, భుజం, గుర్రపు మెడ అన్నీ స్ఫటికం లోపల ఉబ్బి నిలబడినట్టు కనిపిస్తాయి. ఏ బొమ్మనైనా వేలితో తడిమి చూడాలనుకుంటే వేలికి చల్లని చదును తప్ప మరేమీ తగలదు.

దీనిలోని కష్టం అర్థం కావాలంటే పేరు చెక్కిన ఉంగరాన్ని చపాతీ పిండి మీద ఒత్తి చూడండి. ఉంగరం మీద గుంటగా, తిరగబడి ఉన్న అక్షరం పిండి మీద ఎత్తుగా, సవ్యంగా వస్తుంది. శిల్పి కూడా ఇలాగే అప్పుడప్పుడూ మైనం ఒత్తి చూసుకుంటాడు. ఎక్కువ లోతుగా తొలిచిన చోటు మనకు ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది. అంటే ముందుకు రావలసిన ముక్కును అన్నిటికంటే లోతుగా తొలవాలి, వెనక ఉండవలసిన గోడను పైపైన గీకి వదిలేయాలి. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. సిలువ మోసే మనిషి ముందునుంచి చూసేవారికి కుడివైపు నడవాలంటే, పలక వెనక అతన్ని ఎడమవైపు నడిపించాలి. బెల్లి ఇన్ని పలకల మీద, ఇంతమంది మనుషులతో, ఆ తలకిందుల లెక్కను తప్పకుండా నడిపించాడు. నాకు దీనిలో కనిపించేది కేవలం చేతివాటం కాదు, చాలా ఏళ్లు కూడదీసుకున్న ఓర్పు.

స్ఫటికపు పేటిక కదా, లోపల ఉన్నది బయటికి కనిపించేదా?

కనిపించదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మధ్యయుగపు చర్చిలలో పునీతుల అవశేషాలు ఉంచే పాత్రలకు స్ఫటికం వాడింది లోపలిది భక్తులకు కనబడాలనే. బెల్లి పేటికలో పలకల వెనక వెండి రేకు ఉంది కాబట్టి చూపు అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ స్ఫటికం కిటికీ కాదు, బొమ్మకు నీడా వెలుగూ ఇచ్చే తెర.

అయితే లోపల ఏమి ఉంచేవారు?

పవిత్ర గురువారం నాడు దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో ప్రతిష్ఠించిన అప్పాన్ని, ఉంచడానికి చేయించి ఉంటారని పరిశోధకులు భావిస్తారు. కతోలిక సంప్రదాయంలో శుభ శుక్రవారం పూజలో కొత్తగా అప్పాన్ని ప్రతిష్ఠించరు. ముందు రోజు ప్రతిష్ఠించిన దాన్నే భద్రపరచి మరునాడు స్వీకరిస్తారు. ఆ ఒక్క రాత్రి కోసం విడిగా ఒక పేటికను అలంకరించి పెట్టడం పాత ఆచారం. క్రీస్తు శరీరంగా భావించే అప్పం లోపల, ఆయన శ్రమలు వెలుపల, ఈ కలయికను చూస్తే నాకు ఆ వివరణ సమంజసంగానే తోస్తుంది.

చట్రం సంగతి ఏమిటి? అది బంగారమేనా?

వెండి మీద బంగారు పూత, కొన్నిచోట్ల మీనా పని. ఆ కాలపు పద్ధతిలో బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దగా చేసి, వెండి మీద పూసి, నిప్పు మీద కాచేవారు. పాదరసం ఆవిరై పోయి బంగారం వెండికి పట్టుకునేది. ఆ ఆవిరి విషం కావడం వల్ల పని చేసినవారి ఆరోగ్యం దెబ్బతినేది. చట్రం పనితనం చక్కనిదే కానీ, నా దృష్టిలో దాని గొప్పదనం అంతా పలకలకు పోటీ రాకుండా ఒదిగి ఉండడంలోనే ఉంది.

వలేరియో బెల్లి ఎలాంటి శిల్పి?

ఆయన సుమారు 1468లో పుట్టి 1546లో మరణించాడు. అంటే ఈ పేటిక మీద తన పేరు చెక్కేనాటికి అరవై దాటినవాడు. స్ఫటికం మీద, రత్నాల మీద చెక్కడంలోనూ, పతకాలు చేయడంలోనూ ఆయనకు పేరుంది. పురాతన రోమన్ ముద్రలను ఎంత దగ్గరగా అనుకరించేవాడంటే, ఆయన పనిని పాతకాలపు పనినుంచి వేరు చేయడం కష్టమయ్యేది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన స్ఫటిక పలకలతో చేసిన సిలువ కూడా ఉంది.

ఆయన సొంతంగా బొమ్మలు గీయలేకపోయేవాడన్న మాట నిజమా?

వసారి అలాగే రాశాడు. చెక్కడంలో ఉన్నంత ప్రజ్ఞ చిత్రలేఖనంలో కూడా ఉండి ఉంటే బెల్లి ప్రాచీనులను మించిపోయేవాడని, అది లేకపోవడం వల్ల ఎప్పుడూ ఇతరుల చిత్రాలనో పాత ముద్రలనో ఆధారం చేసుకునేవాడని ఆయన అభిప్రాయం. ఈ పేటిక పలకలకు కూడా ఇతరుల నమూనాలే వాడాడని అంటాడు.

ఈ తీర్పుతో నేను సగమే ఏకీభవిస్తాను. కూర్పులో చిత్రకారుడు రాఫెల్ నాటి రోమ్ చిత్రకళ ఛాయలు ఉన్న మాట వాస్తవం. కానీ కాగితం మీది గీతను గుంటగా మార్చడం నకలు తీయడం కాదు. ఎంత లోతు తొలిస్తే ఎంత నీడ వస్తుందో ఏ చిత్రకారుడూ గీసి ఇవ్వలేడు. ఒకరు రాసిన కృతిని మరొకరు పాడినప్పుడు గాయకుడి విద్వత్తును మనం తక్కువ చేయం. బెల్లిని కూడా ఆ కొలతతోనే చూడాలి.

పోపు ఎంత చెల్లించారు?

రెండు వేల బంగారు స్కూడోలు (ఆనాటి ఇటలీ నాణేలు) అని వసారి రాశాడు.

ఫ్లోరెన్స్ వంశానికి చెందిన పోపు చేయించిన పేటిక ఫ్రాన్స్‌కు ఎందుకు వెళ్లింది?

పెళ్లి కోసం. ఏడవ క్లెమెంట్ అసలు పేరు జూలియో దె మెడిచి. 1527లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదవ చార్లెస్ సైన్యం రోమ్ మీద పడి దోచుకున్నప్పుడు ఆయన కోటలో తలదాచుకోవలసి వచ్చింది. అదే ఏడు ఫ్లోరెన్స్ ప్రజలు మెడిచి వంశాన్ని వెళ్లగొట్టారు. 1530లో మెడిచిలు తిరిగి వచ్చినా, చక్రవర్తి బలానికి సరితూగే చుట్టరికం పోపుకు అవసరమైంది. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ రెండో కొడుకు హెన్రీకి, మెడిచి వంశపు అమ్మాయి కేథరీన్‌కు పెళ్లి కుదిరింది. కేథరీన్ తాత పియెరో, జూలియోకు స్వయానా పెదనాన్న కొడుకు. అంటే కేథరీన్ ఆయనకు వరుసకు మనుమరాలు. ఆ అమ్మాయికి పుట్టిన నెల తిరగకముందే తల్లిదండ్రులిద్దరూ పోయారు. పెద్దదిక్కుగా మిగిలింది ఈ పోపే.

1533 అక్టోబరు 28న మార్సెయి నగరంలో క్లెమెంట్ స్వయంగా ఆ పెళ్లి జరిపించారు. వధూవరులిద్దరికీ 14 ఏళ్లే. ఆ సందర్భంగా పోపు ఈ పేటికను వియ్యంకుడైన ఫ్రాన్సిస్‌కు కానుకగా ఇచ్చారు. రాజు కూడా ఊరుకోలేదు. లియొనార్దో గీసిన కడరా భోజనం చిత్రాన్ని అనుసరించి నేసిన పెద్ద తెరను పోపుకు ఇచ్చాడు, అది ఇప్పటికీ వాటికన్‌లో ఉంది. రాజకీయం కోసం కుదిరిన సంబంధమే కావచ్చు, కానీ ఇచ్చిపుచ్చుకున్న ఈ రెండు కానుకలూ క్రీస్తు శ్రమలను తలపించేవే కావడం గమనించదగ్గ విషయం. మరుసటి ఏడాది సెప్టెంబరులో క్లెమెంట్ మరణించారు. ఆ చుట్టరికం వల్ల ఆయన ఆశించిన ప్రయోజనం ఆయనతోనే పోయింది.

కొన్నిచోట్ల కానుక ఇచ్చింది నీస్ నగరంలో అని ఉంటుంది. ఏది సరైనది?

నీస్ అని రాసింది వసారి. పెళ్లి జరిగింది మాత్రం మార్సెయిలోనే. వసారి ఊరి పేరు పొరబడ్డాడని అనుకోవడమే సబబు.

మరి పేటిక తిరిగి ఫ్లోరెన్స్‌కు ఎలా వచ్చింది?

మరో పెళ్లితో వచ్చింది. కేథరీన్ ఫ్రాన్స్ రాణి అయింది, తర్వాత రాజమాతగా చాలా ఏళ్లు రాజ్య వ్యవహారాలు నడిపింది. ఆమె కూతురి కూతురు క్రిస్టీన్ ఆఫ్ లొరెయిన్ ఆమె దగ్గరే పెరిగింది. ఆ మనుమరాలిని, ఫ్లోరెన్స్ రాజధానిగా ఉన్న టస్కనీకి పాలకుడైన గ్రాండ్ డ్యూక్ ఫెర్డినాండో దె మెడిచికి ఇచ్చారు. 1589 జనవరిలో కేథరీన్ కన్నుమూసింది, అదే ఏడాది క్రిస్టీన్ ఫ్లోరెన్స్‌కు కొత్త కోడలిగా వచ్చింది. అమ్మమ్మ ఇంటి వస్తువులతో పాటు ఈ పేటిక కూడా ఆమె సారెలో ఇటలీకి చేరింది. ఒక మెడిచి ఆడపడుచు పెళ్లికి బయటికి వెళ్లిన వస్తువు, 56 ఏళ్ల తర్వాత ఆమె మనుమరాలి వెంట మెడిచి ఇంటికే తిరిగి రావడం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది.

ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు? ఉఫీజీలోనా, పిట్టిలోనా?

పిట్టి ప్యాలెస్‌లోని గ్రాండ్ డ్యూకుల ఖజానా అనే మ్యూజియంలో. దీన్నే ఇదివరకు వెండి వస్తువుల మ్యూజియం అనేవారు. ఫ్లోరెన్స్‌లోనే ఉన్న ఉఫీజీ చిత్రశాల, పిట్టి రెండూ ఇప్పుడు ఒకే పాలన కింద ఉన్నాయి కాబట్టి కొన్ని పుస్తకాల్లో ఉఫీజీ అని కనిపిస్తుంది. టికెట్ కొనేటప్పుడు పిట్టి అని చూసుకోండి.

ఫర్నేసె పేటిక అంటే ఇదేనా?

కాదు. ఫర్నేసె పేటిక నేపుల్స్‌లోని కాపోదీమోంతె మ్యూజియంలో ఉంది. కార్డినల్ అలెస్సాండ్రో ఫర్నేసె కోసం దాన్ని మన్నో స్బర్రి అనే కంసాలి చేశాడు. దానిలోని స్ఫటికాలను జొవాన్ని బెర్నార్ది చెక్కాడు. అవి పురాణ కథలు, యుద్ధాలు, వేట దృశ్యాలు. రెండింటిలోనూ వెండి, స్ఫటికం ఉండడం వల్ల ఫొటోల్లో కలగాపులగం అవుతుంటాయి. నగ్న దేవతలు, వీరులు కనిపిస్తే అది ఫర్నేసె, సువార్త కథలు కనిపిస్తే ఇది.

ఇవే బొమ్మలు కంచు పలకల మీద వేరే మ్యూజియంలలో కనిపిస్తున్నాయి. అవి నకిలీలా?

నకిలీలు కావు. స్ఫటికంలోని గుంటలోకి మైనమో గంధకమో ఒత్తి అచ్చు తీసి, దాని సాయంతో కంచులోనో సీసంలోనో పోతపోసిన చిన్న పలకలవి. వీటిని ప్లాకెట్లు అంటారు. పోపు పేటికను చూసే భాగ్యం లేని కంసాలులకు, చిత్రకారులకు బెల్లి కూర్పులను చేరవేసినవి ఇవే. లండన్, వాషింగ్టన్ మ్యూజియంలలో మంచి ప్రతులు ఉన్నాయి. పేటికను ముందునుంచి చూస్తే బొమ్మ ఎటు తిరిగి ఉంటుందో ప్లాకెట్ మీద కూడా అటే తిరిగి ఉంటుంది. కంచు మీద నీడలు స్థిరంగా ఉంటాయి కాబట్టి ముఖాల వివరాలు నిదానంగా చదువుకోవడానికి అవే అనువు.

తెలుగులో దీన్ని ఏమనాలి? మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

పెట్టె అన్నా తప్పులేదు, కానీ పేటిక, మంజూష అనే మాటలు దీనికి చక్కగా అమరుతాయి. మంజూష మన నేల మీద ఇదే అర్థంలో చాలా పాతది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన రాతి పేటికల మీది ప్రాకృత శాసనాల్లో, బుద్ధుని ధాతువులను (శరీర అవశేషాలను) ఉంచడానికి కురుడు, అతని తల్లిదండ్రులు, శివుడు అనేవారు ‘మజుస’ను, ‘ఫాళిగ షముగ’ను చేయించారని ఉంది. మొదటిది మంజూష, రెండోది స్ఫటికపు భరిణె. బెల్లి పనికీ దానికీ ఎలాంటి చారిత్రక సంబంధమూ లేదు. మతం వేరు, కాలం వేరు, అక్కడ బొమ్మలూ లేవు. కానీ అత్యంత పవిత్రమని నమ్మిన దాన్ని ఉంచడానికి స్ఫటికాన్నే ఎంచుకున్న మనుషులు కృష్ణా తీరంలో, బెల్లికి పదిహేడు వందల ఏళ్లకంటే ముందే ఉన్నారని తెలుగువారికి గుర్తు చేయకుండా ఉండలేకపోయాను.

బెల్లి తర్వాత ఈ విద్య ఎవరికి వచ్చింది?

తన కూతురికి నేర్పాడని, ఆమె చాలా బాగా పనిచేస్తుందని వసారి రాశాడు, కానీ ఆమె పేరు చెప్పలేదు. అన్ని పేజీలు రాసిన మనిషి ఆ ఒక్క పేరు రాయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మ్యూజియంలో దీన్ని చూసేటప్పుడు ఏమి గమనించాలి?

ఎదురుగా నిలబడి ఒక్క చూపు చూసి వెళ్లిపోతే వెండి మెరుపు తప్ప మరేమీ మిగలదు. ఒక్క పలకను ఎంచుకోండి. మోకాళ్లు కొద్దిగా వంచి మీ కళ్లు దాని ఎత్తుకు వచ్చేలా చూసుకుని, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదలండి. మొదట మసకగా ఉన్న చోట ఒక భుజం తేలుతుంది, మరో అడుగు వేస్తే అది కరిగి వెనకున్న ముఖం పైకి వస్తుంది. ఏదో ఒక చోట బొమ్మ మొత్తం ఒక్కసారిగా గుంటగా మారి కనిపిస్తుంది. అక్కడ ఆగండి. చక్రం కింద పలకను జరుపుతూ వలేరియో చూసింది ఆ బొమ్మనే.